వీడియో గేమ్‌లో రేసులు గెలిచే అబ్బాయికి కారు తాళాలు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఈమధ్యే 18 ఏళ్లు నిండాయి. రెండేళ్లుగా స్టీరింగ్, పెడళ్లు పెట్టుకుని గ్రాన్ టురిస్మో అనే కారు రేసుల ఆట ఆడుతున్నాడు. ఇక డ్రైవింగ్ స్కూల్ ఎందుకని, ఎల్‌ఎల్‌ఆర్ చేతికి రాగానే కారు ఇవ్వమని పట్టుబడుతున్నాడు. ఆ ఆటతో నిజంగా డ్రైవింగ్ వస్తుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. ఇదే ఆట ఆధారంగా నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి 2008లో నిర్వహించిన జీటీ అకాడమీ పోటీలో నెగ్గిన స్పెయిన్ యువకుడు లుకాస్ ఒర్డోన్యెజ్, 2011లో ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ రేసులో తన జట్టుతో కలిసి ఎల్‌ఎంపీ2 అనే రేసు కార్ల తరగతిలో రెండో స్థానం సాధించాడు. మలుపులో కారును ఏ గీత మీద నడపాలో, బ్రేక్ ఎక్కడ వేయాలో, చూపు ఎంత ముందుకు సారించాలో ఆట నేర్పగలదనడానికి అతడే సాక్ష్యం. అయితే అతణ్ణి కూడా నిజమైన కార్లలో తర్ఫీదు ఇచ్చాకే రేసుకు పంపారు. పైగా రేస్ ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు వెళతారు.

మన రోడ్డు అలా ఉండదు. రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, చెయ్యి చూపకుండా పక్కకు తిరిగే ఆటో, రంగు వెలిసిపోయి కనబడని స్పీడ్ బ్రేకర్ ఆ ఆటలో ఎదురుకావు. ఎత్తు మీద కారు ఆపి మళ్లీ కదిలించేటప్పుడు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలియకపోతే బండి వెనక్కి జారుతుంది. క్లచ్ పట్టుకునే క్షణంలో ఇంజిన్‌లో వచ్చే సన్నని వణుకును శరీరంతో పట్టుకోవడం కారులో కూర్చుంటేనే వస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేగం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనుకు సుమారు 17 మీటర్లు దాటుతుంది. ఆటలోనైతే గుద్దినా మళ్లీ మొదలుపెట్టవచ్చు కనుక ఆ దూరం పట్ల భయం కలగదు. రేసింగ్ ఆటలు ఆడినవారు ఆ తర్వాత కంప్యూటర్‌లో చూపిన ట్రాఫిక్ సందర్భాల్లో తెగింపు వైపు ఎక్కువగా మొగ్గినట్టు జర్మనీ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

కాబట్టి డ్రైవింగ్ స్కూల్‌లో తప్పక చేర్పించండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నంతకాలం లైసెన్సు ఉన్నవారు పక్కన కూర్చోవాలి, కారుకు ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. పక్కా లైసెన్సు పరీక్షకు 30 రోజులు ఆగాలి. ఆ నెలలో రోజూ తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఒక అరగంట, యాక్సిలరేటర్ తొక్కకుండా క్లచ్‌తోనే బండిని కదిలించడం, ఆపడం చేయించండి.