రక్తనాళాల వైకల్యాలకు డాక్టర్ కావాలంటే ఏ పీజీ తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్సీ అయిపోయి నీట్ పీజీకి చదువుతోంది. మా చిన్నవాడికి పుట్టుకతోనే పెదవి పక్కన నీలం రంగు వాపు ఉండేది. 'హెమాంజియోమా, బడికి వెళ్లే వయసుకి అదే పోతుంది' అన్నారు. పోలేదు. తొమ్మిదో ఏట ఆపరేషన్ చేసి తీశారు, రెండేళ్లకే మళ్లీ వచ్చింది. చివరికి వేరే ఊళ్లో డాక్టరుగారు చూసి అది వీనస్ మాల్‌ఫార్మేషన్, అంటే సిరల వైకల్యం అన్నారు. సూదితో మందు ఎక్కించి మూడు విడతల్లో చాలావరకు తగ్గించారు. అప్పటినుంచి మా అమ్మాయి 'నేను ఈ జబ్బులకే డాక్టర్నవుతా' అంటోంది. ఆ కోర్సు ఎక్కడుంది? విదేశాలకు వెళ్లక తప్పదా? దీన్నే నమ్ముకుంటే జరుగుబాటు ఉంటుందా? – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఆ పేరుతో ఎండీ గానీ, పీజీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ డీఎం గానీ మన దేశంలో లేదండీ. ఈ జబ్బులను ఒక్క డాక్టరు చూడలేరు. స్కాన్ చదివి సూది వేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, పిల్లల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, చర్మ వైద్యులు, పిల్లల డాక్టరు, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టు, జన్యు నిపుణులు అందరూ ఒకే ఫైలు ముందు కూర్చోవాలి. మీ అమ్మాయి ముందు వీళ్లలో ఒకరు కావాలి. ఈ జబ్బులు ఆ తర్వాత.

ఎవరు కావాలో తేల్చుకునే ముందు మీ అబ్బాయి సంగతే ఒకసారి చూడండి. నష్టమంతా పేరు దగ్గరే మొదలైంది. హెమాంజియోమా ఒక కణితి. పుట్టిన కొద్దివారాల్లో గబగబా పెరిగి, తర్వాత కొన్నేళ్లలో మెల్లగా కుంచించుకుపోతుంది. మాల్‌ఫార్మేషన్ అంటే నాళాలు ఏర్పడడంలోనే వచ్చిన తేడా. పిల్లవాడితోపాటే పెరుగుతుంది, ఎంతకాలం ఆగినా దానంతటది పోదు. ఈ రెండింటినీ కణాల తీరును బట్టి స్పష్టంగా వేరు చేసి చెప్పింది బోస్టన్‌లో జాన్ మల్లికెన్, జూలీ గ్లోవాకీ. 1982లో. అంతకుముందు ఎర్రగా, నీలంగా ఏది కనిపించినా ఆంజియోమా అనేసేవారు. ఇప్పటికీ అనేవాళ్లున్నారు, మీకు ఎదురైంది అదే.

ఈ రంగంలో దేశాల మధ్య సహకారం కూడా ఈ పేర్ల గొడవలోంచే పుట్టింది. 1976 నుంచి వేర్వేరు దేశాల వైద్యులు కలుసుకోవడం మొదలుపెట్టారు. 1992లో అది ఇస్వా అనే అంతర్జాతీయ సంఘమైంది. 1996లో రోమ్‌లో జరిగిన సమావేశంలో అందరూ ఒకే వర్గీకరణకు ఒప్పుకున్నారు. 2014లోనూ 2018లోనూ దాన్ని సవరించారు. బోర్డోలో రాసిన రిపోర్టును హైదరాబాద్‌లో చదివినా ఒకే అర్థం రావాలంటే ఇది ఉండాల్సిందే.

బోర్డో పేరు ఊరికే తేలేదు. ఫ్రాన్స్‌లోని ఆ ఊళ్లో ముఖం మీద హెమాంజియోమా ఉన్న ఒక పసివాడికి స్టెరాయిడ్లు ఇస్తుంటే గుండె కండరం మందమెక్కింది. గుండె కోసం ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. క్రిస్టీన్ లెయోతే-లాబ్రేజ్ బృందం దీన్ని 2008లో ప్రచురించింది. బీపీకి వాడే పాతమందు, మన మందుల షాపుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. తర్వాత అదే హెమాంజియోమాకు మొదటి మందు అయింది. అయితే వీనస్ మాల్‌ఫార్మేషన్‌కు అది పనిచేయదు. పేరు తప్పితే మందూ తప్పుతుందని మీ అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లోనే చూసింది.

ఇక బ్రాంచి. నన్నడిగితే ఎండీ రేడియాలజీ, ఆపైన ఇంటర్వెన్షనల్ రేడియాలజీలో డీఎం. రక్తం నెమ్మదిగా పారే వైకల్యమా, ధమని జోరు ఉన్నదా అన్నది రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌తో, ఎంఆర్ఐతో తేల్చేది వీళ్లే. నెమ్మదిగా పారేదైతే అల్ట్రాసౌండ్ చూస్తూ సూది దించి, ఎక్స్‌రే తెర మీద రంగుమందు పోయే దారి గమనించి, బ్లియోమైసిన్, పాలిడోకనాల్ లాంటి మందు ఎక్కిస్తారు. ధమని, సిర నేరుగా కలిసిపోయిన ఏవీఎం అయితే సన్నని గొట్టంతో లోపలి ముడి దాకా వెళ్లి మూయాలి. అలా కాకుండా బయటినుంచి రక్తం తెచ్చే ధమనిని కట్టేస్తే, జబ్బు పక్కనున్న నాళాల నుంచి రక్తం లాక్కుంటుంది. పైగా తర్వాత గొట్టం పోవాల్సిన దారి కూడా మూసుకుపోతుంది. ఆ తప్పు జరిగాక వచ్చిన కేసులే ఎక్కువ కష్టం.

తిరువనంతపురం శ్రీచిత్ర, ఢిల్లీ ఎయిమ్స్‌లలో రక్తనాళాల లోపలి చికిత్సల మీద డీఎంలు ఉన్నాయి. కాకపోతే రేడియాలజీ సీట్లు పై ర్యాంకులకే అయిపోతాయి. 'నైట్ డ్యూటీలు ఉండవు, ఇంట్లో కూర్చుని రిపోర్టులు రాసుకోవచ్చు' అనుకుని ఆ సీటు తీసుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఇది ఆ పని కాదు. బరువైన లెడ్ ఏప్రన్ వేసుకుని గంటలు నిలబడాలి. సీటు రాలేదని రెండేళ్లు లాంగ్ టర్మ్ కూర్చోవద్దని మాత్రం చెప్పండి. పీడియాట్రిక్స్ వచ్చినా, ఎంఎస్ చేసి పిల్లల సర్జరీకి వెళ్లినా ఈ రంగంలోకి దారి ఉంది. ప్రొప్రనలాల్, సిరోలిమస్ లాంటి మందులు నడిపేవాళ్లలో పిల్లల డాక్టర్లూ ఉంటారు.

జన్యుశాస్త్రం మీద ఇష్టం ఉంటే అదీ చిన్న దారేం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ డీఎం ఉంది. ఈ వైకల్యాల్లో చాలావాటికి కారణం బిడ్డ కడుపులో ఉండగా ఏదో ఒక కణంలో జరిగిన జన్యుమార్పు. తల్లి గ్రహణం నాడు బయటికి రావడం కాదు. ఆ మాట మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. పిక్3సీఏ అనే జన్యువులో మార్పు వల్ల శరీర భాగాలు అతిగా పెరిగే జబ్బులకు, రొమ్ము క్యాన్సర్ కోసం తయారైన అల్పెలిసిబ్ పనిచేస్తుందని 2018లో పారిస్ నెకర్ ఆసుపత్రి బృందం చూపింది. 2022లో అమెరికా అనుమతించింది. 

విదేశాల సంగతి. చదువంతా అక్కడే చేయాలనేం లేదు. డీఎం తర్వాత కొన్ని నెలలు పెద్ద సెంటర్‌లో చూసి రావడం మాత్రం పనికొస్తుంది. అబ్జర్వర్‌షిప్ అయితే చూడడమే తప్ప రోగిని ముట్టుకోనివ్వరు. ఖర్చు సాధారణంగా మనదే. చేతిపని నేర్పే ఫెలోషిప్‌కు ఆ దేశపు లైసెన్స్ నియమాలు అడ్డొస్తాయి, కాబట్టి అప్లై చేసేముందే అది కనుక్కోవాలి. యూరప్‌లో 2017 నుంచి వాస్కర్న్ అనే నెట్‌వర్క్ నడుస్తోంది. అరుదైన కేసు ఉంటే రోగిని దేశాలు తిప్పకుండా, స్కాన్లను, వివరాలను భద్రమైన ఆన్‌లైన్ వేదికలో పెట్టి పలు దేశాల నిపుణులు చర్చిస్తారు. రేపు మీ అమ్మాయి అనంతపురంలో ఉండి అలాంటి చర్చల్లో కూర్చోవాలంటే వీసా కంటే ముందు కేసును శుభ్రంగా రాయడం రావాలి.

జరుగుబాటు గురించి టెన్షన్ వద్దు. వీటిమీదే బతికేవాళ్లు తక్కువే. వారంలో ఒకరోజు ఈ క్లినిక్, మిగతా రోజులు బయాప్సీలు, డయాలసిస్ ఫిస్టులాలు, వేరికోస్ వీన్స్, లివర్ కేసులు. వాటితో ఇల్లు గడుస్తుంది.

నీట్ పీజీ చదువు మధ్యలో ఒక ఆదివారం ఆమెతో ఈ పని చేయించండి. ఇస్వా వర్గీకరణ పట్టిక ఆ సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని తమ్ముడి ఫైలును రెండు పేజీల కేసుగా రాయమనండి. మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాక్ ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో ఇంకా ఉందేమో మీరు వెళ్లి అడగండి. జన్యుమార్పు వాపు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, ఎప్పుడైనా పరీక్ష చేయించాల్సి వస్తే రక్తం కంటే ఆ ముక్కే ఎక్కువ చెబుతుంది.