అల్మారా విప్పించకండి, ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: మాది చిక్కడపల్లిలో పాత అపార్ట్‌మెంట్. బెడ్‌రూమ్‌లో పిల్లరుకీ బాత్రూమ్ గోడకీ మధ్య లోపలికి పోయిన చోటులో వార్డ్‌రోబ్ చేయించాం. అక్కడికి దారి ఇరుకు. కాంట్రాక్టర్ బాక్సు షెడ్డులోనే బిగించి తెచ్చాడు, గదిలో పట్టకపోతే అక్కడే కోసి మళ్లీ స్క్రూలు కొట్టాడు. తలుపులు మొదటి రోజు నుంచే పడటం లేదు. మాట్లాడుకున్నది 1,65,000, ఇచ్చింది 1,40,000: యూపీఐలో 80,000, క్యాష్ 60,000. రసీదు, బిల్లు ఏమీ లేవు. కొలతల కాగితం అతను వాట్సాప్‌లో పంపాడు, ఫోన్ మార్చినప్పుడు పోయింది. అమ్మాయి పెళ్లికి వచ్చిన చుట్టాల ముందు తల దించుకున్నాం. ఇరవై మూడు నెలలుగా 'రేపు వస్తా' అంటున్నాడు. వేరే కార్పెంటర్‌తో విప్పించి, కొత్తది పెట్టించి, ఆ ఖర్చుకి కేసు వేద్దామని మా మరిది అంటున్నాడు. వేయొచ్చా?

జవాబు: అమ్మా, పెళ్లిలో జరిగింది పక్కన పెట్టండి. మీ కేసు మొత్తం ఆ ఇరవై మూడు నెలల మీద ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. తలుపు పడటం లేదని మీకు మొదటి రోజే తెలుసు, అంటే గడువు ఆ రోజే మొదలైంది. మీ చేతిలో ఉన్నది ఒక్క నెల. అతను 'రేపు వస్తా' అన్నంత మాత్రాన, మీరు వంద మెసేజ్‌లు పెట్టినంత మాత్రాన గడువు పెరగదు. దాటాక ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు కానీ, తగిన కారణం చూపించాలి, 'నమ్మాను' అనేది అంత తేలిగ్గా నిలిచే కారణం కాదు.

రెండో సంగతి, కొలతలు ఎవరు తీసుకున్నారు? రేపు అతను చెప్పబోయేది ఒకటే: 'ఆ కొలతలు ఆవిడే ఇచ్చారు.' అతనే టేపు పట్టుకుని వచ్చి కొలిచి ఉంటే మాత్రం బాధ్యత అతని మీదే పడుతుంది. పాత ఇళ్లలో గోడలు నిక్కచ్చిగా ఉండవు కాబట్టి పైన, మధ్యన, కింద మూడు చోట్లా కొలవాలి, మూల నుంచి మూలకి కొలవాలి, గుమ్మం, మలుపు, సీలింగ్ ఎత్తు కూడా చూడాలి. ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న బాక్సుని పడుకోబెట్టి లేపి నిలబెట్టాలంటే సుమారు ఏడడుగుల మూడున్నర అంగుళాల ఎత్తు కావాలి. అందుకే ఇలాంటి చోట పలకలు విడిగా తెచ్చి గదిలోనే బిగిస్తారు. అది చూసుకోకుండా షెడ్డులో బిగించి తెచ్చి కోయడం సేవాలోపం, వినియోగదారుల కమిషన్ ముందు మీరు గట్టిగా చెప్పాల్సింది ఇదే.

మరి కొలతల కాగితం అతను వాట్సాప్‌లో పంపాడన్నారు, ఫోన్ మార్చినప్పుడు పోయిందన్నారు. 60,000 క్యాష్ ఇచ్చి రసీదు తీసుకోలేదు. లక్షన్నర దాటే పనికి ఒక్క బిల్లు కూడా లేకపోవడం ఏమిటమ్మా? ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా, బ్యాకప్‌లోనైనా ఆ ఫొటో ఉందేమో ఈరోజే వెతకండి. యూపీఐలో ఇచ్చిన 80,000కి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. కోపం చూపించకుండా అతనికి ఒక మెసేజ్ పెట్టండి: 'మీరు ఫలానా రోజు వచ్చి కొలతలు తీసుకున్నారు, ఇప్పటిదాకా క్యాష్‌తో కలిపి 1,40,000 ఇచ్చాం, తలుపులు ఎప్పుడు సరిచేస్తారు?' అతను కాదనకుండా 'వస్తా' అని జవాబిచ్చినా అది మీకు పనికొస్తుంది. స్క్రీన్‌షాట్లతో భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం, జత చేయాలి.

మీ మరిది మాట మాత్రం వినకండి. అల్మారా విప్పిన రోజు మీ సాక్ష్యం తుక్కు కింద పోతుంది, 'నా పని బాగానే ఉంది, వాళ్లే పాడుచేశారు' అని అతను అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మిగిలిన 25,000 ఇస్తే బాగు చేస్తానంటే ఇవ్వకండి, 'పని తృప్తిగా ఉంది' అని సంతకం అస్సలు పెట్టకండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలని ఉంటుంది, కానీ మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించలేకపోతే అది సివిల్ తగాదా అని పంపేస్తారు, ఈలోగా మీ నెల అయిపోతుంది.

ఈ వారంలో ఒక సివిల్ ఇంజనీరుని పిలిపించి, టేపు ఆనించి ఫొటోలు తీయించి, లోపాలు రాసి సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. మరో కాంట్రాక్టర్ దగ్గర మళ్లీ చేయడానికి కొటేషన్ రాయించండి, పని మాత్రం చేయించకండి. స్పీడ్ పోస్టులో పది రోజుల నోటీసు పంపండి. నోటీసు ఇవ్వాలని చట్టం అడగదు కానీ ఇస్తే మంచిది, జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు మాత్రం దాటించకండి. ఫిర్యాదు మీ ఇల్లు ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వినియోగదారుల ఫిర్యాదుల పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. దాంతోపాటే అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే చూసి రిపోర్టు ఇవ్వడానికి కమిషన్ నియమించే లాయరుని, పంపి అల్మారా చూడమని ఒక పిటిషన్ వేయండి. ఆ రిపోర్టు ఫైల్లోకి వచ్చాక కమిషన్ అనుమతి అడిగి విప్పించుకోండి, అప్పటిదాకా బట్టలు మంచం కింద పెట్టుకున్నా సరే.