ఒక్క కథ చేతిలో పెట్టుకో

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన కాగితాల కట్టా అందాయి. సగం నవల, మూడు కథల మొదళ్లు, గుప్పెడు కవితలు, రెండు పుస్తక సమీక్షలు. ఇవి చాలవన్నట్టు సంక్రాంతి పోటీకొకటి, ఉగాది పోటీకొకటి. "తీరిక దొరికినప్పుడల్లా రాస్తూనే ఉన్నా, ఏదీ పూర్తి కావడం లేదు" అన్నావు. ఎట్లా అవుతాయి నాయనా? ఇన్ని పొలాలకు ఒకే మోటారు పెట్టావు, ఏ మడీ తడవలేదు.

ముందు ఒక్కటి తేల్చుకో. ప్రతి కట్ట మీదా ఒక వాక్యం రాసి చూడు: ఇందులో ఎవరికి ఏం పోతుంది? "వేలంలో ఎవరూ పాట పాడక నోబిడ్ అయిన పొగాకు బేలును (కట్టను) ఇంటికి తెచ్చుకున్న కౌలురైతు, దాన్ని చూపించి అప్పు తెచ్చిన సంగతి ఇంట్లో చెప్పలేదు." ఇది నిలబడింది. "పల్లెటూళ్లు మారిపోయాయి." ఇందులో ఎవరికీ ఏమీ పోలేదు, కాబట్టి కథ లేదు, మహా అయితే వ్యాసం అవుతుంది. ఆ వాక్యం రాయలేకపోయినవన్నీ ఇంకా పండలేదని లెక్క. నన్నడిగితే నీ దగ్గరున్నవాటిలో పండింది టంగుటూరు వేలం కేంద్రం కథే. వేలంలో కొనేవాళ్లు ఒక్కో బేలూ దాటుకుంటూ పోతుంటే పక్కన నిలబడ్డ రైతు ఏం చేస్తాడో నీకు తెలిసినట్టు ఊరవతలివాడికి తెలియదు.

మిగతావి వదిలేయడానికి మనసొప్పదు, తెలుసు. మన నెల్లూరు తిక్కన భారతం ఎత్తుకున్నప్పుడు నన్నయ వదిలిన అరణ్యపర్వం సగంలో ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు ముగించాడు. ఆ శేషాన్ని తరవాత మన గుడ్లూరు ఎర్రన పూరించాడు. తిక్కన ఎందుకట్లా చేశాడన్నది పండితులు తేల్చుకుంటారు. మనకు కావలసింది ఒక్కటే, వదిలిన పని చెడిపోలేదు. నువ్వు పక్కనపెట్టే కథకు ఎర్రన రానక్కర్లేదు, వచ్చే ఏడాది నువ్వే ఉంటావు. ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో పెట్టి, పైన తేదీ, ఆ ఒక్క వాక్యం రాసి, పెట్టెలో పెట్టు. వేలం కథ మొదటి ప్రతి అయ్యేదాకా విప్పకు. మూడు కథలు కలిపి రాస్తే ఒకదాని గొంతు ఇంకోదాంట్లోకి జొరబడుతుంది. పైగా ఎక్కడ ఆపామో గుర్తురాక, కూర్చున్న గంటలో సగం వెనక్కి చదువుకోవడానికే పోతుంది.

ఇక లెక్కకు వద్దాం. పత్రికలో అచ్చయ్యే కథ మామూలుగా పదిహేను వందల నుంచి రెండు వేల మాటలు. తెల్లకాగితం మీద చేత్తో రాస్తే పేజీకి పాతిక వరసలు, వరసకు ఆరేడు మాటలు, అంటే నూటయాభై పైచిలుకు. రోజుకు రెండు పేజీలు రాసినా వారంలో మొదటి ప్రతి అయిపోతుంది. దానికి గంట చాలు. ఆ గంట ఒంగోలు ఆఫీసుకు బయల్దేరకముందుదై ఉండాలి. సాయంత్రం బస్సు దిగి వచ్చాక బుర్రలో ఆఫీసు మాటలే ఉంటాయి, ఆ వేళకు అచ్చుతప్పులు దిద్దడం, టైపు కొట్టడం, ఉత్తరాలకు జవాబులు రాయడం పెట్టుకో. పొద్దుటి గంటలో అవేవీ చేయకు. అవి పూర్తయితే పని జరిగినట్టే ఉంటుంది, కథ మాత్రం అంగుళం కదలదు. "రోజుకు వెయ్యి మాటలు రాసి తీరాలి" అనేవాళ్ల మాట పట్టించుకోకు. వెయ్యి రాసినవాడు మర్నాడు ఎనిమిది వందలు కొట్టేస్తాడు.

నీ కాగితాల్లో కనిపించిన జబ్బు ఒకటుంది. మొదటి పేరా అద్దంలా మెరుస్తోంది, చివరి పేజీ పచ్చిగా ఉంది. రోజూ మొదటినుంచి చదువుకుని అక్కడే దిద్దుతూ కూర్చుంటే ఇట్లాగే అవుతుంది. నిన్న రాసినదాంట్లో చివరి అరపేజీ మాత్రమే చదివి ముందుకు పో. లేచేటప్పుడు కూడా ఒక ఘట్టం పూర్తిచేసి లేవకు. మాట మధ్యలో ఆపి, రేపు రాబోయే వాక్యం మార్జిన్‌లో పెన్సిలుతో రాసిపెట్టు. మర్నాడు తెల్లకాగితం చూసి బెదిరే బాధ ఉండదు.

ఇంకొకటి, వివరాల సేకరణ. పొగాకు బోర్డు 1976లో వచ్చిందనీ, ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉందనీ రాసుకున్నావు. నిజమే, కానీ నీ కథలో ఎవరికీ దాంతో పని లేదు. మొదటి ప్రతి రాసేటప్పుడు తెలియనిచోట ఒక గీత గీసి వదిలేయ్. ప్రతి అయ్యాక ఆ గీతలన్నీ ఒక చీటీ మీదికి ఎక్కించు. ఏ రోజు ఏ ఊరి బేళ్లు రావాలో ఎవరు చెబుతారు, ఆకులో తేమ ఎక్కువైందని ఎట్లా పట్టుకుంటారు, నోబిడ్ అయిన బేలును వెనక్కి తీసుకుపోవడానికి ఆటో ఎవరు మాట్లాడతారు, అట్లాంటివి. పది ప్రశ్నలు దాటకూడదు. ఒక్క పూట వేలం కేంద్రానికి పోయి రా, చాలు. ముందే పోతే నోట్‌బుక్ నిండుతుంది, నిండినదంతా కథలో కూరాలనిపిస్తుంది.

నీ ప్రతిలో మొదటి రెండు పేజీలు జాతీయ రహదారి, లారీలు, వేపచెట్లు, పొగాకు ఘాటు. మూడో పేజీలో ఈ వాక్యం ఉంది: "కొనేవాళ్లు వరసలో నడుచుకుంటూ వచ్చి అతని బేలు దగ్గర ఆగకుండా పోయారు. అతను తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు." కథ ఇక్కడ మొదలుపెట్టు. పై రెండు పేజీలు కొట్టేయ్. ఘాటు ఒక్కటి ఉంచుకో, అప్పు ఇచ్చినవాడు ఇంటికొచ్చినప్పుడు రైతు చొక్కానుంచి కొట్టనీ. ఆ తలగుడ్డ తరవాత "అతని గుండె బరువెక్కింది" అని రాశావే, అది తీసెయ్. తలగుడ్డ విప్పి కట్టుకున్నప్పుడే ఆ బరువు తెలిసిపోయింది.

మొదటి ప్రతి అయ్యాక పదిరోజులు బీరువాలో పెట్టు. ఈలోగా ఎవరికీ కథ చెప్పకు, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో. చెప్పేసిన కథ రాయాలన్న ఉబలాటం చచ్చిపోతుంది. తీశాక ముందు పైకి చదువు, నాలుక తట్టుకున్నచోటల్లా టిక్కు పెట్టు. రెండోసారి సంభాషణలు ఒక్కటే చూడు. ఒకే మనిషి ఒకచోట "ఉండాడు" అనీ, ఇంకోచోట "ఉన్నాడు" అనీ అంటుంటే ఏదో ఒకటి ఖాయం చెయ్. ఆఖరున అచ్చుతప్పులు. ఈ మూడూ ఒకే విడతలో చేయబోతే వత్తులు దిద్దుతూ అక్కర్లేని పేరాను చక్కగా అలంకరిస్తావు.

పోటీల సంగతి: ఏడాదికి ఒక్కటి. గడువు కోసం రాసిన కథకు ముగింపు గడువే ఇస్తుంది.

టైపు యూనికోడ్‌లోనే చెయ్. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించి ఈమెయిల్లో అతికిస్తే అవతలివాళ్లకు పిచ్చిగీతలు కనిపిస్తాయి, వాళ్లు చదవరు. ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా జతచెయ్యి. అది నీ సొంత రచన అనీ, ఎక్కడా అచ్చుకాలేదనీ, వేరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం పెట్టు. పంపిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకో. చాలా పత్రికలు వద్దన్న కబురు కూడా పంపవు, కాబట్టి మూడు నెలలు చూసి, కథ వెనక్కి తీసుకుంటున్నానని ఒక ముక్క రాసి, ఇంకోచోటికి పంపు. ఒకేసారి ఇద్దరికి మాత్రం పంపకు. ఇద్దరూ వేసుకున్నారంటే ఆ రెండు పత్రికల తలుపులూ నీకు మూసుకుపోతాయి.