నీ మాంసాహార మొక్క గురించి

అమ్మలూ,

లోకంలో లేని మాంసాహార మొక్కను పుట్టించి, దాని జీవిత చరిత్రంతా పిల్లలకు పుస్తకంగా రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత టెన్షనూ పట్టుకుంది.

బొమ్మలు, పేర్లు నీకు ఒకరు చెప్పాలా! ముందు నేల సంగతి తేల్చుకో. నత్రజని సరిగా దొరకని నేలలో బతకడానికే ఈ మొక్కలు పురుగుల మీద పడ్డాయి. ఎండ వాటికీ కావాలి. పురుగులన్నిటినీ తినేస్తే పరాగసంపర్కం ఎవరు చేస్తారో కూడా ఆలోచించు. వీనస్ ఫ్లైట్రాప్ అనే మాంసాహార మొక్క, పురుగుల్ని పట్టే తన ఆకు బోనులకు బాగా ఎత్తున, పొడవాటి కాడ మీద పూస్తుంది.

నా భయమంతా వేరే. 1874లో న్యూయార్క్ వరల్డ్ పత్రిక మడగాస్కర్‌లో మనుషుల్ని తినే చెట్టు ఉందని అచ్చేసింది. మ్కోడో అనే తెగవాళ్లు దానికి ఒక స్త్రీని బలిస్తుంటే ఒక జర్మన్ యాత్రికుడు కళ్లారా చూశాడట. ఆ చెట్టూ లేదు, ఆ తెగా లేదు, ఆ యాత్రికుడూ లేడు. అయినా వేరే పత్రికలు ఎత్తి రాసుకున్నాయి. 1924లో మిషిగన్ మాజీ గవర్నర్ ఛేజ్ ఆస్బర్న్ మడగాస్కర్ మీద రాసిన పుస్తకానికి ఆ చెట్టు పేరే పెట్టాడు. చెట్టు అబద్ధమైతే పోనీ. అక్కడ బతుకుతున్న మనుషుల మీద నరబలి నింద వేశారే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1875లో పురుగుల్ని తినే మొక్కల మీద డార్విన్ పుస్తకం వచ్చింది. జిగురు బొట్లతో పురుగుల్ని పట్టే డ్రోసెరా మొక్క ఆకు మీద మాంసం, గుడ్డు తెల్లసొన పెట్టి, ఏం జరిగిందో ఓపిగ్గా చూసి రాశాడు. ఆ చిన్న ఆకులో ఉన్న వింత చాలలేదా వాళ్లకి?

నీ కథలో కొండవాళ్లు ఆ మొక్కకు మేకల్ని బలిస్తారట. తీసెయ్. మారుమాట వద్దు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు తడి గడ్డిలో నా పక్కన చతికిలబడి, డ్రోసెరా మీది జిగురు బొట్లు చూసి, "దీనికి నోరేది పెద్దమ్మా?" అని అడిగావు. పుస్తకం అక్కడ మొదలుపెట్టు.

మళ్లీ చూడాలనుకుంటే వానలు వెనకబట్టాక రా. ఒక్కదానివే బురదలోకి దిగకు, పాములుంటాయి, బూట్లు వేసుకో. ఒక్క మొక్క కూడా పీక్కురాకు. మొదటి పేజీలోనే ‘ఇది కల్పితం’ అని పెద్దక్షరాల్లో వేయించు. అన్నట్టు, నీ మొక్క విత్తనాలు దూరం ఎలా వెళ్తాయో మీ అమ్మ చెప్పలేకపోయింది. అది రాసి పంపు.

నీ పెద్దమ్మ