కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు

ప్రశ్న: మేడమ్, మాది కడప. కతోలిక కుటుంబం. నాన్న రెండేళ్ల కిందట పోయారు. వీలునామా రాయలేదు. ఆయన సొంత సంపాదనతో కొన్న మూడెకరాలు, ఒక ఇల్లు ఉన్నాయి. అమ్మ, ఇద్దరు అన్నలు, మఠంలో సిస్టర్‌గా ఉన్న అక్క, నేను ఉన్నాం. వాటా అడిగితే అన్నలు, "కట్నమిచ్చి పంపినాం కదా. ఎన్టీఆర్ చట్టం హిందువుల ఆడపిల్లలకే, మనకు కాదు" అంటున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?
ఒక సోదరి, కడప

జవాబు: ముందుగా, ఆ సంతకం పెట్టొద్దమ్మా. వాళ్లు పెట్టమనేది హక్కు విడుదల పత్రం మీద అయ్యుంటుంది. అది రిజిస్టరైతే వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన సవరణ హిందూ ఉమ్మడి కుటుంబాలకే అన్నమాట నిజమే. అంతమాత్రాన మీకు హక్కు లేదనడం అన్యాయం. మీ హక్కు దానికంటే చాలా పాతది. మన పక్కనున్న బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవ వ్యాపారి చనిపోయాక, ఆయన భార్య షార్లెట్‌కూ తమ్ముడు ఫ్రాన్సిస్‌కూ మధ్య ఆస్తి తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు ఆఖరి కోర్టు) దాకా వెళ్లింది. మతం మారిన కుటుంబానికి ఏ చట్టం వర్తించాలన్నదే అక్కడ ప్రశ్న. 1863లో తీర్పొచ్చింది. రెండేళ్లకే, 1865లో, క్రైస్తవులకు వారసత్వ చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1925 నాటి భారత వారసత్వ చట్టం.

దాని ప్రకారం మూడో వంతు అమ్మది. మిగిలింది పిల్లలందరికీ సమానం, కొడుకూ కూతురూ అన్న తేడా లేదు. మీ మూడెకరాల్లో అమ్మకు ఎకరా, మీ నలుగురికీ తలా 50 సెంట్లు. ఇల్లూ అదే లెక్క.

కట్నం సంగతి చాలామంది లాయర్లు కూడా చెప్పరు. అదే చట్టం 49వ సెక్షన్ చూడండి. తండ్రి బతికుండగా బిడ్డకిచ్చిన డబ్బునూ ఆస్తినీ వాటా లెక్కకట్టేటప్పుడు పట్టించుకోకూడదని ఉంది. పెద్దమనుషుల పంచాయితీలో ఎవరైనా కట్నం ఎత్తితే ఈ సెక్షన్ చదివి వినిపించండి.

కేరళలో ఆడపిల్లలకు వాటా లేదట కదా అని కూడా కొందరంటారు. ఇప్పటి కేరళలో భాగమైన ఒకప్పటి తిరువాంకూరు సంస్థానంలో, క్రైస్తవుల కోసం చేసిన 1916 చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఇచ్చేది. మేరీ రాయ్ అనే కేరళ క్రైస్తవ మహిళ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1986లో, ఆ చట్టం 1951లోనే రద్దయిపోయిందని తేల్చింది. ఆ తీర్పుకు వ్యతిరేకంగా అక్కడ పెద్ద రాజకీయమే నడిచింది. మన జిల్లాలకు ఆ చట్టం ఏనాడూ వర్తించలేదు.

ఇక అక్క. మఠంలో చేరినవాళ్లకు వాటా లేదని ఈ చట్టంలో ఎక్కడా లేదు. సొంత ఆస్తి ఉంచుకోనని సిస్టర్లు ఇచ్చే పేదరికపు మాటపట్టు వాళ్ల మఠ సభలోపలి నియమం. ఆమెకు వద్దనుకుంటే ఆమే రిజిస్టర్ పత్రం రాసివ్వాలి. ఆ వాటా దానంతటదే అన్నలకు చేరదు.

ఇంకో సంగతి. సర్టిఫికెట్లలో హిందూ అని ఉందని అన్నలు అడ్డం తిరిగినా మీకు నష్టం లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో అమ్మతో కలిపి ఐదుగురికీ సమాన వాటా. అప్పుడు మీకొచ్చేది 60 సెంట్లు.

పాస్‌బుక్ అన్న పేరు మీదకు మారినా దాంతోనే హక్కు మారదు. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, భూమికీ ఇంటికీ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చెప్పే పత్రం) తీసుకోండి. మాటలతో తేలకపోతే సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేయాలి. ఫీజుకు టెన్షన్ పడొద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి, ఈ ఆస్తిలో ఆమె వాటాయే అందరికంటే పెద్దది.