కంటికి కనిపించని గ్రహం ఉందని ఎలా చెబుతారు?

«వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయని వార్తల్లో చదువుతుంటాం. వాటిని ఎవరూ కళ్లతో చూడలేదు కదా, మరి ఇదంతా ఊహ కాదని నమ్మకం ఏమిటి? మామూలు మనుషులు పరీక్షించి చూసే వీలుందా?» అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వీలుంది. అనంతపురంలో మా మేడ మీద నుంచి, 8 అంగుళాల టెలిస్కోపుతో, 64 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటిపోవడాన్ని నేను నమోదు చేశాను. గ్రహం కనబడలేదు. నక్షత్రం వెలుగు తగ్గి, మళ్లీ పెరగడం కనబడింది. అది కూడా ముందుగా లెక్కవేసి చెప్పిన వేళకే జరిగింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఊహ అయితే వేళకు రాదు.

ఎవరూ చూడలేదన్న మాట పూర్తిగా నిజం కాదు. హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం వెలుగును అడ్డగించి, దాని చుట్టూ తిరుగుతున్న గ్రహాలను 2008లో నేరుగా ఫొటో తీశారు. అయితే ఇలా ఫొటోకు చిక్కినవి చాలా కొద్ది. ఇప్పటికి 6,000 దాటిన గ్రహాల్లో దాదాపు అన్నీ పరోక్షంగా దొరికినవే. ముఖ్యమైన దారులు రెండు.

మొదటిది నక్షత్రం కదలికను కొలవడం. పెద్దవాళ్లు చిన్నపిల్లతో చేతులు కలిపి ఒప్పులకుప్ప తిరిగితే పిల్ల పెద్ద చుట్టు చుడుతుంది, పెద్దవాళ్లు ఉన్నచోటే చిన్న చుట్టు చుడతారు. చీకట్లో పిల్ల కనబడకపోయినా, పెద్దమనిషి అడుగులను బట్టి అవతల ఎవరో ఉన్నారనీ, ఎంత బరువుంటారో కూడా చెప్పవచ్చు. నక్షత్రం మన వైపు జరిగినప్పుడు దాని వర్ణపటంలోని, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలోని, సన్నని నల్లగీతలు నీలం వైపుకు, దూరం జరిగినప్పుడు ఎరుపు వైపుకు కాస్త జరుగుతాయి. గురుగ్రహం లాగడం వల్ల మన సూర్యుడు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో ఊగుతాడు. భూమి వల్ల ఊగేది సెకనుకు 9 సెంటీమీటర్లే.

1995లో ఫ్రాన్స్‌లోని హాట్ ప్రొవాన్స్ వేధశాలలో మిషెల్ మేయర్, ఆయన విద్యార్థి డిడియే కెలో 51 పెగాసీ నక్షత్రం సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతోందని గమనించారు. 4.2 రోజులకు ఒకసారి అదే ఊపు తిరిగి వస్తోంది. గురుగ్రహంలో సగం బరువుండే గ్రహం నాలుగు రోజుల్లో నక్షత్రాన్ని చుట్టి రావడమా? మన గురుగ్రహానికి 12 ఏళ్లు పడుతుంది! వాళ్లకే నమ్మకం కుదరలేదు. ఇంతలో ఆ నక్షత్రం సూర్యుడి వెలుగు చాటుకు వెళ్లిపోయింది. మళ్లీ కనిపించేసరికి వేగం ఎంత ఉండాలో లెక్క కట్టి పెట్టుకుని ఎదురుచూశారు. జులైలో కొలిస్తే లెక్క సరిపోయింది. అప్పుడు గానీ ప్రకటించడానికి సిద్ధపడలేదు. అంతకు మూడేళ్ల ముందే ఒక పల్సర్, అంటే పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన, వేగంగా తిరిగే గోళం, చుట్టూ గ్రహాలు దొరికాయి కానీ, సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ దొరికినది ఇదే మొదటిది. 2019లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఆ బహుమతి కంటే, వాళ్లు జులై దాకా ఆగిన ఆ ఓపికే నాకు ఎక్కువ గౌరవం కలిగిస్తుంది.

రెండో దారి నేను పట్టినది. గ్రహం నక్షత్రానికీ మనకూ మధ్య నుంచి వెళితే ఆ కాసేపు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గుతుంది. గురుగ్రహమంత గ్రహం సూర్యుడంత నక్షత్రాన్ని దాటితే తగ్గేది నూటికి ఒక వంతు. భూమి అంతటిదైతే పదివేలకు ఒక వంతు కూడా తగ్గదు. పైగా గ్రహం కక్ష్య సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండాలి. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో తిరిగే గ్రహాలైతే 200కు ఒకటి మాత్రమే అలా కుదురుతుంది. అందుకే 2009లో అంతరిక్షంలోకి వెళ్లిన కెప్లర్ టెలిస్కోపు లక్షన్నర నక్షత్రాలను ఏళ్ల తరబడి రెప్ప వేయకుండా చూడాల్సి వచ్చింది.

నేను ఎంచుకున్న నక్షత్రం పేరు హెచ్‌డీ 189733. శ్రవణ నక్షత్రానికి ఉత్తరంగా, డంబెల్ నెబ్యులా పక్కనే ఉంటుంది. కంటికి ఆనదు, బైనాక్యులర్‌లో తెలుస్తుంది. దాని గ్రహం 2.2 రోజులకు ఒకసారి చుట్టి వస్తుంది, దాటడానికి గంటా యాభై నిమిషాలు పడుతుంది, వెలుగు నూటికి దాదాపు రెండున్నర వంతులు తగ్గుతుంది. మా ప్రాంతంలో దసరా రోజుల్లో పొద్దుగూకగానే నడినెత్తికి దగ్గరగా ఉంటుంది.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. ఫొటోలో నక్షత్రాన్ని చుక్కగా నిలపడానికి ప్రాణం పెట్టేవాళ్లం, ఇక్కడ కావాలనే ఫోకస్ తప్పించాలి. వెలుగు చిన్న వలయంగా పరుచుకుని చాలా పిక్సెళ్ల మీద పడితే ఏ ఒక్క పిక్సెలూ నిండిపోదు, కొలత నిలకడగా వస్తుంది. ఇక నక్షత్రం వెలుగును విడిగా కొలిస్తే లాభం లేదు. గాలిలో దుమ్ము, తేమ, మబ్బు తునక, నక్షత్రం పడమరకు వాలడం, అన్నీ వెలుగును మారుస్తాయి. అందుకే అదే ఫొటోలో పడిన పక్క నక్షత్రాలతో పోల్చి, నిష్పత్తి మాత్రమే తీసుకోవాలి. ఆ రాత్రి పల్చని మబ్బు వెళ్లిన కొద్ది నిమిషాలు రెండు నక్షత్రాల కొలతలూ బాగా పడిపోయాయి. నిష్పత్తి తీస్తే ఆ పాటు చాలావరకు మాయమైంది.

ఆస్ట్రోఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రామ్‌లో గీత గీయించాను. ఒక్కో చుక్క ఒక్కో ఫొటో. మొదటి ముప్పావుగంట చుక్కలన్నీ ఒకే మట్టంలో, పైకీ కిందికీ కొద్దిగా చెదిరి ఉన్నాయి. తర్వాత అరగంట లోపే మట్టం దిగింది. దాదాపు గంటసేపు అడుగునే సాగి, దిగినంత తీరుగానే మళ్లీ పైకి ఎక్కింది. మబ్బు వల్ల పడిన పాటు అయితే అంత పొందికగా ఉండదు, అంచనా వేసిన నిమిషాలకు మొదలై ముగియదు. ఆ వంపును చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను ఇప్పటికీ సరిగా మాటల్లో పెట్టలేను.

వెలుగు తగ్గినంత మాత్రాన అది గ్రహమేనా అని మీరు అడగవచ్చు. చాలా మంచి అనుమానం. తగ్గిన వెలుగు పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది. నక్షత్రం కాలేక మిగిలిపోయిన గోధుమ మరుగుజ్జులు కూడా ఇంచుమించు గురుగ్రహమంతే ఉంటాయి, బరువు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. వెనక దూరాన ఉన్న రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కప్పుకుంటూ కూడా ఇలాగే మోసగించవచ్చు. ఇక్కడే మొదటి దారి సాయానికి వస్తుంది. 2005లో అదే హాట్ ప్రొవాన్స్ వేధశాలలో ఈ నక్షత్రం వేగం కొలిచారు. సెకనుకు 200 మీటర్ల ఊపు, అదే 2.2 రోజుల లయ. బరువు గురుగ్రహం కంటే కొంచెమే ఎక్కువని తేలింది. బరువూ పరిమాణమూ రెండూ చేతికి వస్తే సాంద్రత తెలుస్తుంది, అది రాతి గోళమో వాయు గోళమో తెలుస్తుంది. వేర్వేరు పరికరాలతో, వేర్వేరు సూత్రాలతో చేసిన కొలతలు ఒకే కాలాన్ని చూపించడాన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు.

ఆ తర్వాత ఇదే గ్రహాన్ని ఇంకా లోతుగా చూశారు. 2007లో స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపుతో గ్రహం సగం చుట్టు తిరిగేవరకు వేడిని కొలిచి, దానికి ఉష్ణోగ్రత పటమే గీశారు. రాత్రి వైపు సుమారు 700 డిగ్రీల సెల్సియస్, పగటి వైపు 900 పైనే. అత్యంత వేడి చోటు నక్షత్రానికి సరిగ్గా ఎదురుగా లేకుండా తూర్పుకు జరిగి ఉంది. అంటే అక్కడ భీకరమైన గాలులు వేడిని మోసుకుపోతున్నాయి. 2013లో హబుల్‌తో రంగు కూడా పట్టారు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు మొత్తం వెలుగులో నీలం పాలు మాత్రమే తగ్గింది కాబట్టి గ్రహం నీలంగా ఉంటుంది. అక్కడ సముద్రాలు ఉన్నాయని అర్థం కాదు, వాతావరణం వెలుగును చెదరగొట్టే తీరు అది.

వార్తలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతాను. «మరో భూమి» అని పక్కన వేసే రంగుల బొమ్మలు చిత్రకారులు గీసినవి. 2025లో కె2-18బి గ్రహం మీద, భూమి మీదైతే సముద్ర జీవులు విడుదల చేసే ఒక వాయువు ఆనవాళ్లు కనిపించాయని కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ బృందం ప్రకటించింది. అవే కొలతలను మళ్లీ విశ్లేషించిన ఇతర శాస్త్రవేత్తలు ఆ నిర్ధారణను ప్రశ్నించారు. జీవం దొరికిందని అనుకోవడానికి తొందరపడకండి, అలాగని ఆ గ్రహం ఉనికినే అనుమానించకండి. ఆ రెండూ వేర్వేరు విషయాలు.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వారు మౌంట్ ఆబూలో నెలకొల్పిన, నక్షత్రం ఊపును కొలిచే పారస్ అనే పరికరంతో 600 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గ్రహం బరువు భూమికి 27 రెట్లని 2018లో తేల్చారు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే నక్షత్రాన్ని వెంబడించే మోటారు ఉన్న 6 అంగుళాల టెలిస్కోపు, నలుపు తెలుపు కెమెరా చాలు. మీ కొలతలు వృథా పోవు. గ్రహం చుట్టు కాలాన్ని లెక్కకట్టడంలో ఒక్క సెకను తేడా ఉన్నా, 2.2 రోజుల గ్రహానికి పదేళ్లలో అది దాదాపు 27 నిమిషాలవుతుంది. దాటే వేళ అంచనాలో అంత తేడా ఉంటే, దాని కోసం కేటాయించిన పెద్ద టెలిస్కోపు సమయం వృథా అవుతుంది. అందుకే ఇలాంటి గ్రహాల వాతావరణాలను పరిశీలించడానికి యూరప్ పంపబోయే ఏరియల్ టెలిస్కోపు కోసం ఎక్సోక్లాక్ అనే ప్రాజెక్టు ఔత్సాహికుల కొలతలను తీసుకుంటోంది. మీ ఊరు, మీ దగ్గరున్న టెలిస్కోపు వివరాలు కింద రాస్తే, వచ్చే సీజన్‌లో మీకు అనువైన నక్షత్రమేదో చూసి చెబుతాను.