ఎండిపోయిన సీతాకోకచిలుక రెక్కలు విరగకుండా తెరవాలంటే?

ప్రశ్న: మేడం, మేముండేది మల్కాజిగిరిలో. కుండీలో కరివేపాకు చెట్టు మీద పెరిగిన పురుగులే సీతాకోకచిలుకలై ఎగురుతుంటే మా పాప రోజూ చూస్తుంటది. మెట్ల కాడ కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయినవి మూడు దొరికితే కాగితంలో మడిచి దాచుకుంది. ఫ్రేమ్ కడదామని రెక్కలు తెరవబోతే ఒకటి పటుక్కున విరిగింది, ఒకటే ఏడుపు. మిగతా రెండూ ఎట్లా చేయాలె?

జవాబు: అయ్యో, పాప తప్పేం లేదని చెప్పండి. ఎండిన సీతాకోకచిలుక అప్పడం లాంటిది, పైగా మన ఊరి ఎండలకి రెక్కల మొదట్లో ఉండే కండ బిర్రుగా బిగుసుకుపోతుంది. ముందు దాన్ని మెత్తబరచాలి, అసలు పనంతా అక్కడే ఉంది.

గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి పిండిన టిష్యూలు పరిచి, బూజు పట్టకుండా రెండు మూడు చుక్కలు డెట్టాల్ వేయండి, దానిమీద ఓ సీసా మూత బోర్లించి దానిపైన సీతాకోకచిలుకని పెట్టండి. దానికి ఆవిరే తగలాలి, నీళ్లు తగలొద్దు. డబ్బా మూత లోపల పొడి టిష్యూ ఒకటి అంటించండి, ఇది మర్చిపోయి నేను ఒకదాన్ని పాడుచేసుకున్నా, పైనుంచి చుక్క జారి నారింజ రంగు రెక్క మీద పెద్ద మరక పడింది, ఇప్పటికీ చూస్తే బాధేస్తుంది. ఒక రోజు నుంచి రెండు రోజులు చాలు. రెక్కల కింద ఛాతీని ట్వీజర్‌తో మెల్లగా నొక్కితే రెక్కలు కాస్త విచ్చుకోవాలి, విచ్చుకోకపోతే ఇంకో రోజు ఆగండి, బలవంతం మాత్రం వద్దు. వేళ్లతో రెక్క పట్టుకోకండి, చేతికి అంటుకునే ఆ పొడి ఉంది చూడండి, రంగంతా దాంట్లోనే ఉంటుంది.

మెత్తబడ్డాక థర్మాకోల్ మందపాటి ముక్కలో ఒళ్లు పట్టేంత గాడి కోయండి. పిన్ ఛాతీ నడిమధ్యలో నిట్టనిలువుగా దించాలి, వీపు పైన ఒక సెంటీమీటర్ మిగలాలి. గుండుసూది వద్దు, లావుగా ఉంటుంది, తుప్పు పడుతుంది. సైంటిఫిక్ సామాన్లమ్మే షాపుల్లో స్టీల్ ఇన్‌సెక్ట్ పిన్నులే అడగండి. రెక్కల మొదళ్లు థర్మాకోల్ పైభాగానికి సమంగా వచ్చేలా గాడిలో దించి, రెక్కల మీద ట్రేసింగ్ పేపర్ పట్టీలు పరిచి, సన్నటి సూది మొనతో ముందు రెక్కని దాని పైఅంచు దగ్గరుండే లావు ఈనె పట్టుకుని పైకి జరపండి, పలచటి చోట గుచ్చితే చిరిగిపోతుంది. ముందు రెక్క కింది అంచు ఒంటికి అడ్డంగా తిన్నగా వచ్చిందా, అక్కడ ఆపేయండి, తర్వాత వెనక రెక్కని దానికి ఆనేలా పైకి తీసుకురండి. పట్టీని కదలకుండా ఉంచే పిన్నులు రెక్క పక్కనే గుచ్చాలి, రెక్కలోంచి కాదు. మీసాలు కూడా అప్పుడే సర్దేయండి, ఎండాక ముట్టుకుంటే ఊడిపోతాయి.

వారం, వర్షాలుంటే రెండు వారాలు కదపొద్దు. చీమలు ఒక్క రాత్రిలో ఒళ్లంతా ఖాళీ చేస్తాయి, అందుకని బోర్డుని నీళ్లు పోసిన పళ్లెంలో గ్లాసు బోర్లించి దానిమీద పెట్టండి.

విరిగినదాన్ని పారేయకండి, దాన్ని కూడా ఇట్లాగే ఆరబెట్టాక ముక్కని ఆవగింజలో సగం ఫెవికాల్‌తో అతికిస్తే దూరం నుంచి తెలీదు.

ఇంకోటి, పాప ఉత్సాహం చూసి బతికున్నవాటిని పట్టుకోనివ్వకండి. కొన్ని జాతులకి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది, కేబీఆర్ పార్క్ నేషనల్ పార్క్ కాబట్టి అక్కడ చచ్చినదైనా తీసుకురాకూడదు. మీ కిటికీ దగ్గర దొరికినవి చాలు.

పిన్ కిందే చిన్న చీటీ గుచ్చండి: ఎక్కడ దొరికింది, ఏ తారీఖు, ఎవరికి దొరికింది. అది పాప చేతే రాయించండి, పెన్సిల్‌తో.